మావయ్య నాకివ్వనన్న లాక్

ఆ మార్చిలో ఆర్విల్ మావయ్య నాతో ఒక మాట అన్నాడు. టెనెసీ నుంచి వచ్చినవాళ్ళు తమ పొడుగు తుపాకీని గుడ్డలో చుట్టుకుని పట్టుకెళ్ళిన రోజది. మావయ్య చేతులు తుడుచుకుంటూ, నా వైపు చూడకుండానే, "వచ్చే తుపాకీకి లాక్ నువ్వు చెక్కుదువుగాని" అన్నాడు. అంతే. రోజు మొత్తానికి పది మాటలు మించి మాట్లాడని మనిషి. అందులో ఐదు నాకే ఖర్చుపెట్టాడని నేను సాయంత్రం దాకా మురిసిపోయాను.

లాక్ అంటే చెకుముకి తుపాకీకి గుండెకాయ. రాయిని కరిచిపట్టుకునే గుర్రం, ఆ రాయి గీరుకుంటే నిప్పురవ్వలు రాల్చే ఉక్కు రేకు, రవ్వలు పడే తుపాకీమందు గిన్నె, వీటిని ఆడించే స్ప్రింగులు, అన్నీ అరచేయంత ఇనప పలకకి బిగించి ఉంటాయి. లాక్ చెక్కడమంటే ఆ పలకని తుపాకీ కొయ్యలోకి దించడం. కొయ్యకీ ఇనుముకీ మధ్య వెంట్రుక కూడా దూరకూడదు. పలకకి దీపం మసి పూసి కొయ్యలో ఒత్తి తీస్తే, అడ్డం వచ్చిన చోటల్లా నల్లమచ్చ పడుతుంది. ఆ మచ్చని మాత్రమే చిన్న ఉలితో గీరాలి. మళ్ళీ మసి, మళ్ళీ ఒత్తడం, మళ్ళీ గీరడం. ఒక పూటలో వందసార్లు చేసినా పలక బియ్యపుగింజంత లోతు దిగితే గొప్ప. ఒక్క గీటు ఎక్కువ పడిందా, అక్కడ సందు వచ్చేస్తుంది. గీరేసిన కొయ్య తిరిగి మొలవదు.

మావయ్య తుపాకులు చేసే షెడ్డులో నేను చేరి అప్పటికి నాలుగేళ్ళు. అమ్మకి పక్షవాతం వచ్చినప్పుడు తొమ్మిదో క్లాసు మధ్యలో బడి మానేశాను. అమ్మ పోయాక నాన్న చెల్లెలు నెల్డా అత్తయ్య నన్ను సౌర్‌వుడ్ వాగు పక్కనున్న వాళ్ళింటికి తెచ్చుకుంది. ఆవిడ భర్తే ఆర్విల్ మావయ్య. మొదట్లో షెడ్డు ఊడవడానికి వెళ్ళేదాన్ని. తర్వాత ఉలులు నూరడం, ఆ తర్వాత ఇత్తడి భాగాలకి ఆకురాయి పట్టడం వచ్చింది. పోప్లర్ కర్ర ముక్కలు ఏరుకుని, పాత లాక్ పలక ఒకటి తీసుకుని, నాకు నేనే పదకొండుసార్లు దించి చూసుకున్నాను. పదకొండోది మావయ్యకి చూపించాను. ఆయన దాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, తిప్పితిప్పి చూసి, ఏమీ అనకుండా పైఅరలో పెట్టాడు. నెల తర్వాత ఆ మాట అన్నాడు.

మావయ్య పుట్టింది ఈ వాగు పక్కనే. రెండేళ్ళు బొగ్గుగనిలో చేసి, భూమి కింద ఊపిరాడదని బయటికొచ్చేశాడు. తర్వాత ఒహాయోలో కుర్చీలు చేసే ఫ్యాక్టరీలో పదకొండేళ్ళు పనిచేశాడు. అక్కడ బొటనవేలు తెగకుండా దక్కింది గానీ దాని మీద ఏటవాలుగా ఒక లోతైన గాటు మిగిలింది, రంపం జ్ఞాపకం. తాత దగ్గర చిన్నప్పుడు నేర్చిన తుపాకీ పని మాత్రం ఆ పదకొండేళ్ళూ సెలవులకి వచ్చినప్పుడల్లా చేస్తూనే ఉన్నాడు. చివరికి అదే పని చేసుకుంటూ ఇక్కడే ఉండిపోయాడు. ఏడాదికి రెండో మూడో, అంతకన్నా చేయడు. కొనేవాళ్ళు రెండేళ్ళు ఆగుతారు. చేతికి కొయ్య దొరికితే ముందు వాసన చూస్తాడు. లాక్ చెక్కే రోజు కాఫీ ముట్టడు. ఆదివారం చర్చిలో పాటలప్పుడు కూడా ముందు బెంచీ చెక్కని వేలితో తడుముతూ ఉంటాడు. నాకు తండ్రి దగ్గర దొరకని నిశ్శబ్దం ఆయన పక్కన దొరికింది. మా నాన్న నిశ్శబ్దంలో కోపం ఉండేది. మావయ్య నిశ్శబ్దంలో పని ఉండేది.

మే నెలలో ఎస్టిల్ వచ్చాడు.

ఎస్టిల్ మావయ్యకి ఆరేళ్ళప్పటి నుంచి స్నేహితుడు. గనిలో కప్పుకి మేకులు దిగ్గొట్టే పని చేసేవాడు. ఫిబ్రవరిలో కప్పు నుంచి ఒక రాతి పెళ్ళ ఊడి ఎడమ భుజం మీద పడింది. భుజంలో ఇనపముక్కలు వేసి కుట్టారట, చెయ్యి ఛాతీ దాటి పైకి లేవదు. ఏటా అక్టోబరు మొదటి శనివారం వాగు మొదట్లో పొగాకు కోసేసిన పొలంలో తుపాకీ పందెం జరుగుతుంది. ఇద్దరూ నలభై ఏళ్ళు పక్కపక్కన నిలబడి కాల్చారు. ఇద్దరివీ మావయ్య చేసిన తుపాకులే. గెలిచేది మాత్రం ఎక్కువసార్లు ఎస్టిలే.

ఎస్టిల్ మేకుల పీపా మీద కూర్చుని, తన పొడుగు తుపాకీని అమ్మిపెట్టమన్నాడు. ఆ పీపా మీద కూర్చునేది నేను. లేచి గోడకి ఆనుకున్నాను.

"ఎత్తలేనోడికి తుపాకీ ఎందుకురా ఆర్విల్. ఈసారి గట్టు మీద కూచుని మీకు గురిపలకలు అందిస్తాలే" అన్నాడు.

మావయ్య చేతిలో ఉలి పక్కన పెట్టాడు. లేచి వెనక కొట్లోకి వెళ్ళి ఒక మేపుల్ పలక పట్టుకొచ్చాడు. పులిచారలున్న కర్ర, తొమ్మిదేళ్ళుగా ఆరుతున్నది. దాన్ని బల్ల మీద పెట్టి, "కుడిచెయ్యి బానే ఉందిగా? ఒంటిచేత్తో ఎత్తేది చేస్తా. పిస్తోలు. నలభై ఏళ్ళు నా తుపాకీతో నన్నే ఓడించావు, ఇప్పుడు పలకలు అందిస్తావా సిగ్గులేకుండా" అన్నాడు.

నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాను. నాకు రెండు రోజులకి సరిపడా మాటలు. అన్నీ ఒక్క గుక్కలో.

అయినా మొదట సంబరమే వేసింది, ఎందుకంటే వచ్చే తుపాకీ అంటే ఇదే. పిస్తోలు లాక్ ఇంకా చిన్నది, ఇంకా కష్టం. గొట్టం కొయ్యలో కూర్చునే వరకూ రెండు వారాలు ఓపిక పట్టాను. ఆ రోజు పొద్దున్నే దీపం వెలిగించి, మసి పట్టి, అర అంగుళం ఉలిని నీళ్ళరాయి మీద నూరి, తోలు మీద సానబట్టి సిద్ధంగా పెట్టాను. మావయ్య వచ్చి ఉలి నా చేతిలోంచి తీసుకున్నాడు.

"ఇది కాదు లీతా. ఇది స్నేహితుడికి చేసేది."

అది వాళ్ళ తాత నాటి నియమం. స్నేహితుడికి చేసే తుపాకీని అమ్మరు. గొట్టం పైన చేసినవాడి పేరు చెక్కరు, కింద, విప్పితే తప్ప కనపడని చోట చెక్కుతారు. మొదటి గుండు స్నేహితుడే కాల్చాలి. అన్నిటికన్నా ముఖ్యం, దాని మీద ఇంకొకరి చెయ్యి పడకూడదు. నాకు ఈ నియమం తెలుసు. కానీ నాకు మాటిచ్చినప్పుడు ఆయనకీ తెలుసు కదా అనుకున్నాను. పైకి మాత్రం సరే మావయ్యా అని చీపురు అందుకున్నాను.

ఆ రోజు నుంచి ఎస్టిల్ రోజూ వచ్చాడు. పని లేదు, ఇంట్లో పొద్దుపోదు. పొద్దున ఎనిమిదికి పీపా ఎక్కితే మధ్యాహ్నం జొన్నరొట్టె, బీన్స్ తిని మళ్ళీ ఎక్కేవాడు. మావయ్య ఆయనతో మాట్లాడేవాడు. నాకు ఆశ్చర్యం అదే. ఏ పిల్లని ఇద్దరూ ఒకేసారి ప్రేమించారో, ఏ పాస్టరు గడ్డం ప్యాంటు గుండీలో చిక్కుకుందో, మూడో క్లాసులో ఎవరు ఎవరి చెప్పులు వాగులో పారేశారో, అన్నీ చెప్పుకుని నవ్వేవాళ్ళు. మావయ్య నవ్వితే పళ్ళు కనిపిస్తాయని నాకు నాలుగేళ్ళలో తెలియదు. మా కుక్క కూడా నా కాళ్ళ దగ్గర నుంచి లేచి వెళ్ళి ఎస్టిల్ బూట్ల మీద తల పెట్టుకుంది. నెల్డా అత్తయ్య ఎండు యాపిల్ కజ్జికాయలు వేయిస్తే, మెత్తగా వచ్చినవి ఏరి ముందు ఆయన పళ్ళెంలో వేసేది, పాపం పళ్ళు లేవని. పళ్ళు ముందువి రెండే లేవు. నేను చూసి లెక్కపెట్టాను.

నన్ను మాట్లాడించాలని ఎస్టిల్ చాలా ప్రయత్నించాడు. "ఏం పిల్లా, మాటలు డజను లెక్కన కొనుక్కుంటున్నావా? అంత పొదుపు చేస్తున్నావ్" అనేవాడు. మంచి మనిషి. అందుకే ఇంకా కడుపుమండేది. చెడ్డవాణ్ణి చూసి కుళ్ళుకుంటే మనసుకి కొంచెం సాయం ఉంటుంది.

లాక్ చెక్కడానికి మావయ్యకి మామూలుగా నాలుగు రోజులు పడుతుంది. ఈసారి మూడు వారాలు పట్టింది. మొదటి వారంలోనే నాకు తెలిసిపోయింది. ఉలి కొయ్యని తాకే ముందు ఆయన చెయ్యి గాలిలో ఒక క్షణం ఆగేది, దోమ వాలబోతున్నట్టు సన్నగా వణికేది. మణికట్టుని బల్ల అంచుకి ఒత్తిపెట్టి వణుకుని అణిచేవాడు. ఎస్టిల్ కథల్లో పడి గమనించలేదు. నేను ఊడుస్తూ, రజను ఎత్తుతూ, ఆ చేతినే చూశాను. జాలి పడాలి. పడ్డాను కూడా, కాసేపు. ఆ వెంటనే, ఆ ఉలి నా చేతిలో ఉంటే ఇప్పటికి పలక దిగిపోయి ఉండేది కదా అనిపించేది.

ఒకరోజు ఉలి జారింది. పలక తోక వైపు కొయ్య అంచు గోరంత పెచ్చు లేచిపోయింది. ఎస్టిల్ అప్పుడు బయట వాగు దగ్గరికి వెళ్ళాడు. మావయ్య ఆ పెచ్చుని వెతికాడు, దొరకలేదు. కొయ్య రజను జిగురులో కలిపి, సందులో కూరి, పైన మసి రాసి చదును చేశాడు. నాకు నేర్పిన మనిషి, సందుని జిగురుతో పూడ్చేవాడు దొంగ అని చెప్పిన మనిషి. తలెత్తి నన్ను చూశాడు. నేను చూశానని ఆయనకి తెలిసింది.

"నీకు ఇంట్లో పనేం లేదా?" అన్నాడు.

నేను వెళ్ళిపోయాను. చిక్కుడుకాయలు ఎండబెట్టడానికి దారానికి గుచ్చుతూ అత్తయ్య పక్కన కూర్చున్నాను. సూది రెండుసార్లు వేలికి దిగింది.

సెప్టెంబరు వచ్చింది. గొట్టానికి తుప్పురంగు పట్టించే వేళ. తెల్లగా మెరుగుపెట్టిన గొట్టానికి రెండు కొసల్లో కర్ర బిరడాలు బిగించి, సున్నం నీళ్ళతో రుద్ది జిడ్డు మొత్తం వదలగొట్టాలి. ఆపైన తుప్పు పట్టించే మందునీళ్ళు పూసి, తడి గోనెలు వేలాడదీసిన చెమ్మపెట్టెలో ఉంచితే, ఒంటి మీద గోధుమరంగు తుప్పు సన్నగా మొలుస్తుంది. దాన్ని తీగ బ్రష్షుతో గీరి మళ్ళీ పూయాలి. వారం రోజులు ఇలా చేస్తే వేయించిన కాఫీగింజ రంగు వస్తుంది. సున్నం పెట్టాక గొట్టాన్ని బిరడాలతోనే పట్టుకోవాలి, ఉత్త చేత్తో ముట్టకూడదు. వేలి జిడ్డు అంటిన చోట తుప్పు ఎక్కదు. పసిపిల్లలకి పొయ్యి ముట్టకూడదని చెప్పినట్టు ఈ పని నేర్చేవాళ్ళకి మొదట చెప్పేది అదే.

రెండో రోజు పెట్టె తెరిచారు. గొట్టమంతా చక్కగా రంగు తిరిగింది. లాక్ వైపు కొసన, సరిగ్గా పైభాగాన, బాదంగింజంత తెల్లమచ్చ ఉంది. దగ్గరికి వెళితే వేలిగీతలు కూడా ఒకటొకటిగా కనపడుతున్నాయి.

మావయ్య ముఖం మాడిపోయింది. ఎస్టిల్ పీపా దిగి వచ్చి ఏమైందని అడిగాడు. మావయ్య నా వైపు చూడలేదు. గొట్టం వైపే చూస్తూ, "పిల్ల ముట్టుకున్నట్టుంది" అన్నాడు.

నేను ఆ గొట్టం ఉన్న బల్ల దగ్గరికి కూడా వెళ్ళలేదు. ఆ మాట అనాలి. నోరు తెరిచాను గానీ ఏమీ రాలేదు, నాకెప్పుడూ అంతే. ఎస్టిల్ కళ్ళద్దాలు పెట్టుకుని గొట్టం మీదికి వంగాడు. చాలాసేపు చూశాడు. ఆ వేలిముద్ర మధ్యలో నుంచి ఏటవాలుగా ఒక గీత పోతోంది.

"ఈ పిల్ల బొటనవేలికి రంపం ఎప్పుడు తగిలిందిరా?" అన్నాడు నెమ్మదిగా.

మావయ్య తన చేతిని జేబులో పెట్టుకున్నాడు. ఎస్టిల్ వెంటనే, తనకి ఈ మచ్చ బావుందనీ, అలాగే ఉంచెయ్యమనీ, పిస్తోలు ఎప్పుడైనా పోతే పోలీసులు వెతకడానికి పనికొస్తుందనీ నవ్వబోయాడు. మావయ్య నవ్వలేదు. గొట్టాన్ని బిగించి ఆకురాయి తీశాడు. మళ్ళీ తెల్లబడేదాకా గీరి, మళ్ళీ సున్నం దగ్గర నుంచి మొదలుపెట్టాడు. పందేనికి ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి.

క్షమాపణ అడగలేదు. నేను ఆశించలేదు కూడా. కానీ ఎస్టిల్ ముందే నన్ను చిన్నబుచ్చాడు అన్నది నా లోపల ముల్లులా ఉండిపోయింది. ఎస్టిల్ దృష్టిలో మంచి పనివాడిగా ఉండటం కోసం తప్పు నా మీదికి నెట్టేశాడు. ఎస్టిల్ నా పక్షాన మాట్లాడాడు. దానికీ మండింది. ఆయన దగ్గర నాకు ఏమీ అప్పు ఉండకూడదనుకున్నాను.

రెండు రోజుల తర్వాత, గొట్టం పెట్టెలో ఉండగానే, ఎస్టిల్ ముచ్చటపడితే మావయ్య లాక్‌ని కొయ్యలో బిగించి ఆడించి చూపించాడు. గుర్రం వెనక్కి లాగి మీట నొక్కితే రాయి ఉక్కుకి తగిలి రవ్వలు కురవాలి. గుర్రం బద్ధకంగా వాలింది. ఒక్క రవ్వ రాలింది, అదీ గిన్నె పక్కన. మావయ్య రాయి మొద్దుబారిందని కొత్తది పెట్టాడు. అదే తంతు. ఇంకో రాయి పెట్టాడు. మూడోది పెడుతున్నాడు.

నాకు కారణం తెలుసు. తోక వైపు పలక ఎక్కువ లోతు దిగిపోయింది, లోపల పెద్ద స్ప్రింగు కొయ్యని రాసుకుంటోంది. లాక్‌ని బయటికి తీసి ఆడిస్తే గుప్పెడు రవ్వలు వస్తాయి. సాయంత్రం ఎస్టిల్ వెళ్ళాక మెల్లగా చెప్పొచ్చు. ఆ సంగతి కూడా నాకు తెలుసు. అక్కడే నిలబడి, చీపురు రెండు చేతులతో పట్టుకుని, నా జన్మలో ఎప్పుడూ మాట్లాడనంత గట్టిగా చెప్పాను.

"రాయి బానే ఉంది మావయ్యా. కొయ్యే తప్పు. స్ప్రింగు రాసుకుంటోంది. పెచ్చు లేచిన చోట జిగురు పెట్టారు కదా, అక్కడ."

మావయ్య మూడో రాయిని బల్ల మీద పెట్టాడు. ఎస్టిల్ ఆయన్ని చూశాడు, ఆయన చేతిని చూశాడు, ఆ వణుకు అప్పటికి గమనించాడు. మావయ్య కొయ్యని అక్కడే వదిలేసి, తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఎస్టిల్ లేచి టోపీ పెట్టుకున్నాడు.

"నిజమే చెప్పావు పిల్లా. కానీ నాకు వినపడాలనే చెప్పావు" అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. అందుకే చాలా రోజులు గుచ్చుకుంది.

ఆ పొద్దు మావయ్య భోజనానికి రాలేదు. అత్తయ్య పళ్ళాలు కడుగుతూ నాతో మాట్లాడింది. నేను చెక్కిన పదకొండో పోప్లర్ ముక్క గుర్తుందా అని అడిగింది. అది అరలో లేదని నేను ఎప్పుడో గమనించాను, ఎలుకలు పడేశాయేమో అనుకున్నాను. మావయ్యే పొయ్యిలో వేశాడట. వేసి, ఆ మంట చూస్తూ కూర్చుని, ఈ పని తనకి రావడానికి తొమ్మిదేళ్ళు పట్టింది, ఈ పిల్లకి నాలుగేళ్ళలో వచ్చింది, అన్నాడట. మర్నాడు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజుల్లోలాగా ఎవరితోనూ మాట్లాడలేదట. నెల తిరిగాక సిగ్గుపడి నాకు మాటిచ్చాడు. ఎస్టిల్ రాగానే ఆ పాత నియమం ఆయనకి ఆసరాగా దొరికింది. అత్తయ్య అదంతా కోపంగా చెప్పలేదు, వాన వస్తుందేమో అన్నట్టు చెప్పింది. "మీ మావయ్యకి నీ చేతులంటే కుళ్ళే లీతా. తనకే తెలుసు, పాపం."

నేను తుడుస్తున్న గిన్నెని తుడుస్తూనే ఉన్నాను. ఈ రోగం నా ఒక్కదానిదే అనుకున్నాను అప్పటిదాకా.

మర్నాడు పొద్దున షెడ్డులోకి వెళితే, పిస్తోలు కొయ్య నా బల్ల మీద ఉంది. పక్కన లాక్, ఆయన సొంత ఉలి, అదే పులిచారల పలక నుంచి కోసిన చిన్న ముక్క. చీటీ లేదు, మావయ్య లేడు.

మూడు రోజులు చేశాను. జిగురు మొత్తం గీరేశాను. ఆ చోటు నలుచదరంగా కోసి, చార చారకి కలిసేలా కొత్త ముక్క దించాను. స్ప్రింగు రాసుకున్న చోట కొయ్య నున్నగా మెరుస్తోంది, దాన్ని మసితో వెతికి వెతికి తీశాను. నేను కాఫీ తాగలేదు. చెయ్యి ఒక్కసారి కూడా తడబడలేదు. నేను కోరుకున్నది ఇదే, వేసవంతా దీనికోసమే ఏడ్చాను. షెడ్డులో నేనొక్కదాన్నే. పీపా ఖాళీ. ఇంటి అరుగు మీద మావయ్యా ఎస్టిలూ కూర్చుని బీన్స్ ఒలుస్తున్నారు, మధ్యమధ్య వాళ్ళ నవ్వు కిటికీలోంచి వచ్చేది. నవ్వినప్పుడల్లా ఉలి ఆపి, దేనికి నవ్వారో వినడానికి ప్రయత్నించేదాన్ని. లాక్ నాకిచ్చి తను అక్కడ కూర్చున్నాడు. అది కూడా ఓర్వలేకపోయాను.

మూడో సాయంత్రం మావయ్య వచ్చి పలక చుట్టూ గోరు పోనిచ్చి చూశాడు. ఎక్కడా ఆగలేదు. కొత్త ముక్క ఎక్కడ మొదలైందో వెతికాడు, కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి మళ్ళీ వెతికాడు. గుర్రం లాగి నొక్కాడు. గిన్నె నిండా రవ్వలు కురిశాయి. "ఊఁ" అన్నాడు. గొట్టం తెచ్చి బిగించుకోవడం మొదలుపెట్టాడు.

పందెం రోజు మంచు పట్టి, తొమ్మిదింటికి విచ్చింది. ఎవరి పలక వాళ్ళు తెచ్చుకోవాలి, నిప్పుల మీద నల్లగా కాల్చి, కత్తితో మధ్యలో గాటు మీద గాటు పెట్టినది. రెండు గాట్లు కలిసిన చోటే గురి. ఎస్టిల్ ఎడమచెయ్యి బెల్టులో దోపుకుని నిలబడ్డాడు. కుడిచెయ్యి చాచాడు. మొదటి గుండు ఆయనదే. కొత్త చెకుముకి మీద అందరికీ అనుమానం ఉంటుంది, ముందు గిన్నెలో భుస్సుమని, ఆ తర్వాత ఎప్పుడో గొట్టం పేలుతుందని. ఇది రెండూ ఒకటే చప్పుడుగా పేలింది. ఎస్టిల్ వెనక్కి తిరిగి మావయ్యని చూసి, చిన్నపిల్లాడిలా కాలు నేలకేసి కొట్టాడు.

పొడుగు తుపాకులవాళ్ళ మధ్య పిస్తోలుతో గెలవలేదు. పందెం బహుమతి ఒక ఆవు, దాన్ని ఐదు వాటాలేస్తే ఆఖరిది తోలు, కొవ్వు. ఆ వాటా వచ్చింది. ఎస్టిల్ దానికే పొంగిపోయి, ఈ తోలుతో ఆర్విల్‌కి చెప్పులు కుట్టిస్తాను, మూడో క్లాసులో పారేసినవాటి బదులు, అని అందరికీ చెప్పాడు.

తర్వాత మగవాళ్ళు పిస్తోలు చుట్టూ మూగారు. పందెం నడిపే ముసలి ప్రూయిట్‌కి తుపాకులు బాగా తెలుసు. కళ్ళద్దాలు తీసి, లాక్ అంచు వెంబడి చూపు నడిపించాడు. ఈ జిల్లాలో ఇలాంటి అతుకు చూసి ఎన్నేళ్ళయిందో అన్నాడు. ఆర్విల్ చెయ్యి ముసలిదవుతోందని ఎవడో కూశాడు, వాణ్ణి పట్టుకొచ్చి ఇది చూపించండి, అన్నాడు. అందరూ మావయ్య వీపు తట్టారు. నేను ట్రక్కు పక్కన, కజ్జికాయల బుట్ట పట్టుకుని నిలబడ్డాను. ఎస్టిల్ ఏమీ అనలేదు. కావాలనే అనలేదు, మావయ్య నోటి వైపే చూస్తున్నాడు. నేనూ చూస్తున్నాను. చెప్పకపోయినా తప్పు పట్టేవాళ్ళు లేరు. స్నేహితుడి తుపాకీలో ఇంకో చెయ్యి పడిందని చెప్పుకోవడం ఆ మనుషుల మధ్య చిన్న సంగతి కాదు.

మావయ్య టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"కొయ్య నాది, గొట్టం నాది. లాక్ లీతాది" అన్నాడు. తర్వాత, బలవంతంగా పీకినట్టు, "నాకు చేతకాలేదు. తను చేసింది" అన్నాడు.

అందరూ నా వైపు తిరిగారు. ప్రూయిట్ టోపీ ఎత్తాడు నాకు. నేను నా బూట్లు చూసుకున్నాను. ఎంతో సంతోషం రావాలి, వచ్చింది కూడా. తలెత్తేసరికి మావయ్య నన్నే చూస్తున్నాడు, ప్రూయిట్ చేతిలో పిస్తోలుని చూసి, మళ్ళీ నన్ను. ఆయన ముఖంలో గర్వం ఉంది. దాని పక్కనే ఇంకొకటి ఉంది. దాన్ని నేను అద్దంలో చూసుకోలేదు గానీ, ఆ వేసవంతా పీపా మీద ఉన్న ఎస్టిల్‌ని చూసినప్పుడు నా కళ్ళు ఎలా ఉండి ఉంటాయో అప్పుడు తెలిసింది.

ఇంటికి వస్తూ ట్రక్కులో, ఒహాయో నుంచి ఒకాయన చేయమని అడిగిన తుపాకీకి కూడా లాక్ నన్నే చెక్కమన్నాడు. సరే మావయ్యా అన్నాను. ఇప్పటికి ఐదు చెక్కాను. ఆయన ఇంకెప్పుడూ లాక్ జోలికి రాలేదు. కొయ్యలు కోస్తాడు, గొట్టాలకి రంగు పట్టిస్తాడు, నాకు ఉలి కూడా నూరి పెడతాడు. నేను మసి దీపం వెలిగించగానే మాత్రం ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి, ఎస్టిల్ ఇంటికి వెళతాడు. సాయంత్రం వచ్చి అంచు చుట్టూ గోరు పోనిచ్చి చూస్తాడు. ఆగే చోటు దొరుకుతుందేమో అని వెతుకుతాడు. నేను పక్కనే నిలబడి, దొరకకూడదని కోరుకుంటాను. ఒక్కోసారి, దొరికితే బావుండునని కూడా.